పాత లెన్సుతో పిట్టల ఫొటోలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

చలికాలం మొదలైందంటే పార్కుల్లో పిట్టల గురించి ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చినవాటిలో చాలావరకు ఇంట్లో బీరువాలో దొరికిన పాత మాన్యువల్ ఫోకస్ లెన్సుల గురించే. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మా నాన్నగారు ఫిల్ము రోజుల్లో వాడిన నికాన్ 200 ఎంఎం ఎఫ్/4 లెన్సు నా దగ్గరుంది. అడాప్టర్ కొని నా సోనీ మిర్రర్‌లెస్ కెమెరాకు తగిలించాను. ఆదివారం పొద్దున్నే ఇందిరా పార్కుకు వెళ్తున్నాను. చెట్లు, బెంచీలు బాగానే వస్తున్నాయి. పిట్టలు మాత్రం ఒక్కటీ షార్ప్‌గా రావడం లేదు. రింగు తిప్పేలోపు ఎగిరిపోతున్నాయి. ఫోకస్ పీకింగ్‌లో (ఫోకస్ కుదిరిన అంచులకు కెమెరా రంగు పూసి చూపిస్తుంది కదా, అందులో) ఎర్రటి గీతలు కనబడినా, ఇంటికొచ్చి చూస్తే మసకే. లెన్సు అమ్మేసి ఆటోఫోకస్‌ది కొనుక్కోమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, దోమలగూడ, హైదరాబాద్)

అమ్మకండి. చెట్లు బాగా వస్తున్నాయంటే లెన్సు బాగున్నట్టే. నేను పార్కుకు తీసుకెళ్లేదీ అదే లెన్సు, 1977లో వచ్చిన ఏఐ మోడల్ (ఏఐ అంటే ఆటోమేటిక్ ఇండెక్సింగ్, అపెర్చర్ ఎంతో కెమెరాకు తెలిపే నికాన్ పాత పద్ధతి). కాకినాడలో మా నాన్న స్టూడియోలో పని నేర్చుకున్నప్పటి నుంచీ నా చేతిలో ఉంది. రెండు మీటర్ల దగ్గరిదాకా ఫోకస్ అవుతుంది. హుడ్ దానికే ఉంటుంది, ముందుకు లాగితే చాలు. రింగు ఇప్పటికీ ఎక్కడా పట్టకుండా మెత్తగా తిరుగుతుంది.

ముందు ఒక లెక్క చెబుతాను. మీది ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) అనుకుందాం. ఐదు మీటర్ల దూరంలో పికిలిపిట్ట వాలింది, మీరు ఎఫ్/4లో తీశారు (ఇది అపెర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం కొలత; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). అప్పుడు షార్ప్‌గా వచ్చే లోతు ముందూ వెనకా కలిపి సుమారు 10 సెంటీమీటర్లు. పికిలిపిట్ట పొడవే 20 సెంటీమీటర్లు. అది మీ వైపు తిరిగి కూర్చుంటే, కంటికి ఫోకస్ కుదిరినప్పుడు తోక మసకైపోతుంది. ఎఫ్/8 పెడితే ఆ లోతు 20 సెంటీమీటర్లు అవుతుంది. నిలబడి ఊపిరి పీల్చి వదిలితేనే మన ఒళ్లు కాస్త ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఇంత సన్నటి లోతులో, ఎగిరే గెంతే పిట్ట వెంటపడి రింగు తిప్పి పట్టుకోవడం ఎవరికైనా కష్టమే. అందుకే పిట్ట వెంటపడడం మానేసి, అది వచ్చి వాలే చోటుకు ముందే ఫోకస్ పెట్టుకుని కూర్చోండి. ఈ లెన్సుతో నాకు మంచి ఫొటోలు వచ్చే దారి ఇదొక్కటే.

ఏ పిట్ట ఎక్కడ వాలుతుందో ఎలా తెలుస్తుందంటారా? కెమెరా సంచిలోంచి తీయకుండా కాసేపు ఒకచోట కూర్చుంటే తెలుస్తుంది. బీ-ఈటర్‌తో మొదలుపెట్టండి. కొందరు పసరిక పిట్ట అంటారు. పచ్చటి ఒళ్లు, ఎర్రటి కన్ను, కంటి మీదుగా నల్లటి గీత, తోక మధ్యలోంచి బయటికి పొడుచుకొచ్చిన సన్నటి ఈకలు. ఎండిన కొమ్మ చివర కూర్చుని తల అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది. గాల్లో పురుగు కనబడగానే దూసుకెళ్లి, ముక్కున కరుచుకుని, మళ్లీ చాలాసార్లు అదే కొమ్మకు వస్తుంది. తేనెటీగ దొరికితే వెంటనే మింగదు. కొమ్మకేసి టపటపా బాదుతుంది, ముల్లు పోయేలా తోకవైపు కొమ్మకు రుద్దుతుంది, ఆ తర్వాతే తల పైకెత్తి మింగుతుంది. ఈ పని అయ్యేదాకా కొమ్మ వదలదు. మనకు కావాల్సిన సమయం అదే.

ఆ కొమ్మ కనిపెట్టాక, పిట్ట లేనప్పుడే పని మొత్తం ముగించండి. వ్యూఫైండర్‌లో బొమ్మను పెద్దది చేసుకుని, కొమ్మ చివర బెరడు గరుకు స్పష్టంగా కనబడేదాకా రింగు తిప్పండి. రింగు మీద అక్కడ చిన్న టేప్ ముక్క అంటిస్తే, చెయ్యి జరిగినా చూడకుండానే మళ్లీ అదే చోటుకు తెచ్చుకోవచ్చు. పిట్ట వాలాక రింగు ముట్టుకోకండి. కంటి మీద చూపు పెట్టి, నడుం నుంచి పై ఒళ్లు ఒక్క పిసరు ముందుకో వెనక్కో వంచండి. కన్ను స్పష్టమైన క్షణంలో నొక్కండి, వరసగా మూడు నాలుగు ఫ్రేములు పోనివ్వండి. ఎడమ అరచెయ్యి లెన్సు కింద ఉండాలి, మోచెయ్యి పక్కటెముకలకు ఆనాలి.

ఇలా వాలిన చోటికే మళ్లీ వచ్చే పిట్టలు మన పార్కుల్లో ఇంకా ఉన్నాయి. చీలిన తోకతో నల్లగా ఉండే పసుల పోలిగాడు అలాంటిదే. నీళ్లున్న చోట లకుముకి పిట్ట. పికిలిపిట్టలకూ గోరింకలకూ ఈ అలవాటు లేదు, వాటికి తిండి దగ్గరో నీళ్ల దగ్గరో కాపు కాయాలి. మొక్కలకు నీళ్లు పెట్టే పైపు ఏ జాయింటు దగ్గర కారుతుందో తోటమాలిని అడగండి. ఎండ ఎక్కేకొద్దీ అక్కడికి ఒక్కొక్కటే స్నానానికి వస్తాయి. మీ పార్కులో బూరుగ గానీ మోదుగ గానీ ఉంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూల దగ్గర ఇక వేరే చోటు వెతకక్కర్లేదు. తేనెపిట్టలు, గోరింకలు, పసుల పోలిగాళ్లు అన్నీ అక్కడికే.

ఇక పీకింగ్ సంగతి. కెమెరాకు పిట్ట ఏదో ఆకు ఏదో తెలియదు. వెలుగూ నీడా గట్టిగా కలిసే ప్రతి అంచుకూ రంగు పూస్తుంది. పిట్ట ముందున్న పుల్ల అంచు, రొమ్ము ఈకల కంటే బాగా మెరుస్తుంది కాబట్టి ఎర్రగీత పుల్ల మీద పడుతుంది, మనం పిట్ట మీద పడిందనుకుంటాం. పైగా ఎఫ్/8 దగ్గర చూస్తే నిజంగా షార్ప్‌గా ఉన్న దానికంటే ఎక్కువ మేర ఎర్రగా చూపిస్తుంది. పీకింగ్ లెవెల్‌ను తక్కువలో పెట్టండి. దాన్ని దరిదాపుల్లోకి రావడానికి మాత్రమే వాడుకుని, చివరి మాట మాగ్నిఫికేషన్‌కు వదిలేయండి.

సెట్టింగులు త్వరగా చెప్పేస్తాను. లెన్స్ లేకుండా రిలీజ్ అయ్యే (షట్టర్ పడే) ఆప్షన్ ఆన్‌లో ఉండాలి. కెమెరా బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంటే అక్కడ 200 అని మీరే పెట్టాలి, పాత లెన్సు ఆ కబురు కెమెరాకు చెప్పలేదు. అపెర్చర్ 5.6, షట్టర్ 1/1000. పొద్దుటి పూట చెట్ల నీడలో దీనికి ఐఎస్ఓ 3200 దాకా అవసరం పడుతుంది, భయపడకండి. కాస్త గ్రెయిన్ ఉన్నా ఫొటో ఫొటోనే, కదిలిపోయిన కన్నును మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ బాగు చేయలేదు.

మీ ఫ్రెండ్స్ మాటలోనూ నిజముంది. ఆకుల మధ్య క్షణం నిలవకుండా గెంతే లిక్కజిట్ట లాంటివాటికి, పిట్ట కన్నును తనే గుర్తుపట్టే కొత్త ఆటోఫోకస్‌కు ఈ లెన్సు సాటిరాదు. అలాంటివే మీకు ముఖ్యమైతే డబ్బులు పోగేసుకోండి. అప్పుడు కూడా ఈ లెన్సు అమ్మకండి.

ప్రశ్న: పాత 300 ఎంఎం లెన్సులో టార్చి వేసి చూస్తే లోపల తెల్లటి దారాల్లా కనబడుతున్నాయి. ఇది ఫంగస్ అంటున్నారు. మిగతా లెన్సులకు అంటుకుంటుందా? ఎండలో పెడితే పోతుందా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

ఫంగసే. సముద్రం పక్కన ఊళ్లలో ఇది మామూలు సమస్య, కాకినాడలో మా స్టూడియోకు వచ్చిన లెన్సుల్లో ఎన్నింటిలోనో చూశాను. మీ లెన్సు దాని తోలు కేసులోనే ఉండి ఉంటుంది. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఆ కేసు పక్కన పెట్టేయండి.

ఫంగస్ బీజాలు గాల్లో అంతటా ఉంటాయి. అవి మొలకెత్తాలంటే తేమ కావాలి. పక్క లెన్సుకు అంటుతుందా అన్న దానికంటే మీ అల్మారాలో తేమ ఎంత ఉందన్నదే పెద్ద ప్రశ్న. అయినా బాగుచేయించేదాకా దీన్ని విడిగా ఉంచండి. ఎండలో పెడితే గాజు మీది దారాలు పోవు. పైగా ఎక్కువసేపు వేడెక్కితే లోపలి గ్రీజు పలచబడి అపెర్చర్ రేకుల మీదికి పాకుతుంది.

విప్పి తుడవడం ఒక్కటే మార్గం. లేతగా ఉన్నప్పుడైతే శుభ్రంగా పోతుంది. బాగా ముదిరితే కోటింగును తినేసి ఉంటుంది, తుడిచాక కూడా మచ్చ మిగులుతుంది. ముందు గాజు మీద చిన్న మచ్చ ఫొటోలో దాదాపు కనబడదు. వెనక గాజు మీద ఉంటే, అందులోనూ ఎండకు ఎదురుగా తీస్తే, బొమ్మ మొత్తం పాలిపోతుంది. రిపేరు చేసేవారిని ముందే ఖర్చు అడగండి. లెన్సు వెలకు దగ్గరగా చెబితే, నాన్నగారిదో తాతగారిదో అయితే తప్ప చేయించకండి.

ఆ తర్వాత గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, రంగు మారే సిలికా జెల్, లోపల ఒక చిన్న తేమ మీటరు. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. రంగు మారిన జెల్‌ను ఎప్పటికప్పుడు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టమని చెప్పేవాళ్లుంటారు, పెట్టకండి. బియ్యం పొడి రింగు మరల్లోకి పోతుంది. అన్నిటికంటే మంచి మందు, లెన్సును వారం వారం బయటికి తీసి వాడడం.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. కానన్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది. పార్కులో పిట్టల కోసం తక్కువ ధరలో పాత కానన్ ఎఫ్‌డీ లెన్సు చూశాను. తీసుకోవచ్చా? (ఒక విద్యార్థి, వరంగల్)

తీసుకోవద్దు. ఒకే కంపెనీ కదా అనిపిస్తుంది, కానీ కుదరదు. లెన్సు అంచు నుంచి ఫిల్ముకో సెన్సర్‌కో ఉండే దూరం ఎఫ్‌డీ లెన్సులకు 42 మిల్లీమీటర్లు, మీ కెమెరా మౌంటుకు (ఈఎఫ్) 44. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాకు తోడు అడాప్టర్ మందం. దాంతో దూరంగా ఉన్న దేనికీ ఫోకస్ అవ్వదు, మధ్యలో గాజు ఉన్న అడాప్టర్ పెడితే తప్ప. చవక అడాప్టర్లలో ఆ గాజు బొమ్మను పాడుచేస్తుంది.

మీకు సరిపోయేవి ఎం42 మర లెన్సులు, వీటి దూరం 45.46 మిల్లీమీటర్లు. పాత నికాన్ లెన్సులదైతే 46.5. రెండింటికీ పలచటి రింగు చాలు. జర్మనీ పెంటకాన్ 200 ఎంఎం ఎఫ్/4 దొరికితే చూడండి. అపెర్చర్‌కు 15 రేకులున్నాయి, వెనకాల ఆకుల మీది వెలుగు చుక్కలు గుండ్రంగా వస్తాయి. రష్యన్ జూపిటర్-37ఏ 135 ఎంఎం కూడా మంచిదే, కాకపోతే పిట్టలకు కాస్త పొట్టి. 500 ఎంఎం ఎఫ్/8 మిర్రర్ లెన్సు చవగ్గా వస్తుందని మాత్రం ఆశపడకండి. మీ వ్యూఫైండర్ చీకటైపోతుంది, ఫోకస్ కనబడదు.

కొనేముందు టార్చి వేసి చూడండి. రేకుల మీద నూనె ఉండకూడదు. రింగు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే బిగువుతో తిరగాలి. కొన్ని ఎం42 లెన్సులకు వెనక చిన్న పిన్ను ఉంటుంది. ఆటో/మాన్యువల్ స్విచ్చి లేకపోతే మీ కెమెరా మీద అపెర్చర్ మూసుకోదు, ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంటుంది. దాన్ని తప్పక అడగండి.

ప్రశ్న: నికాన్ డి3500కు పాత ఏఐ లెన్సు పెడితే ఎక్స్‌పోజర్ మీటర్ పనిచేయడం లేదు. పాడైపోయిందా? (ఒక పాఠకుడు, గుంటూరు)

పాడవలేదు. ఆ మోడల్‌కు పాత లెన్సులతో మీటరింగ్ ఉండదు. ఎం మోడ్‌లోనే తీయాలి. నిండు ఎండలో ఐఎస్ఓ 400, ఎఫ్/8, 1/1600తో మొదలుపెట్టండి. పొద్దుటి మెత్తటి ఎండకైతే 1/800. ఒకటి తీసి హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు నీడలు ఎంతెంతో చూపే గ్రాఫ్) చూసి సర్దుకోండి, వెలుగు మారేదాకా మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. కొంగల్లాంటి తెల్లటి పిట్టలకు ఇంకో స్టాప్ తగ్గించండి, అంటే వెలుగు సగానికి. వ్యూఫైండర్ అడుగున పచ్చచుక్క మాత్రం మీకు పనిచేస్తుంది, ఫోకస్ కుదిరితే నిలకడగా వెలుగుతుంది. మీటర్ కావాలంటే డి7200 లాంటి బాడీలు చూడండి. 1977కు ముందువైన నాన్-ఏఐ లెన్సులను మాత్రం వాటికి బిగించకండి, లోపలి చిన్న మీట విరుగుతుంది.

ప్రశ్న: మా కాలనీ పార్కులో క్రోటన్ మొక్కల్లో పికిలిపిట్ట గూడు పెట్టింది. నా 135 ఎంఎం లెన్సు దగ్గరికి బాగా ఫోకస్ అవుతుంది. రెండు ఆకులు పక్కకు కడితే గుడ్లు స్పష్టంగా కనబడతాయి. ఏ టైములో తీస్తే మంచిది? (ఒక పాఠకుడు, నెల్లూరు)

ఏ టైములోనూ వద్దు. అక్కడి నుంచి వెనక్కు వచ్చేయండి, ఆకులు కట్టి ఉంటే ఇవాళే విప్పేయండి.

ఆ రెండు ఆకులే గూటికి ఎండ నుంచీ కాకుల నుంచీ అడ్డు. మనం ఏ మొక్క దగ్గర పదేపదే వంగుతున్నామో కాకులు చూస్తూనే ఉంటాయి. మనం వెళ్లగానే అక్కడ వాలతాయి. మనం నిలబడినంతసేపూ తల్లి గూటికి రాదు, గుడ్లు చల్లారతాయి, లేదా వేసవి ఎండకు ఉడికిపోతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పక్షుల గుడ్లనూ గూళ్లనూ చెదరగొట్టడాన్ని వేట కిందే లెక్కగట్టారు. చట్టం లేకపోయినా నా మాట ఇదే. గూటి ఫొటోలు ఈ పత్రికకు పంపితే నేను వేయను.

గుడ్లు పొదగడానికి సుమారు రెండు వారాలు. తర్వాత పిల్లలు గూడు వదిలి కొమ్మల మీదికి వస్తాయి, తల్లీతండ్రీ వెంటే తిరుగుతూ నోట్లో పెడుతుంటాయి. అప్పుడు మీ బెంచీ దగ్గర కూర్చుని తీయండి. ఎర్రటి నోరు తెరిచి రెక్కలాడించే పిల్ల ముందు గుడ్ల ఫొటో ఏపాటి?

ప్రశ్న: మాన్యువల్ లెన్సుతో ఎగిరే పాలపిట్టను తీయవచ్చా? మొన్న దసరాకు మా ఊళ్లో పంజరంలో తెచ్చి చూపించారు కానీ, రెక్కలు విప్పలేదు. (ఒక పాఠకురాలు, కరీంనగర్)

ముందు పంజరం గురించి. పాలపిట్టను పట్టి ఉంచడం నేరం. దసరాకు దర్శనం పేరుతో డబ్బులు తీసుకుని చూపించేందుకు వాటిని పట్టేవాళ్లు, ఎగిరిపోకుండా రెక్కలు కట్టేస్తారు, జిగురు పూస్తారు. వదిలేశాక కూడా ఎన్నో బతకవు. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. ఎప్పుడైనా అలా కనబడితే డబ్బివ్వకండి, ఫొటో తీయకండి, అటవీ శాఖవారికి చెప్పండి.

ఇక ఎగిరేటప్పుడు తీయడం. కచ్చితంగా తీయవచ్చు, ఎందుకంటే ఇది తొందరలేని పిట్ట. పార్కు అంచున కరెంటు తీగ మీదో ఎండుకొమ్మ మీదో చాలాసేపు కూర్చుంటుంది. కింద గడ్డిలో పురుగు కనబడితే దిగి, పట్టుకుని, తరచూ మళ్లీ అక్కడికే వస్తుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగే ఎక్కువ. రెక్క విప్పితేనే ఆ నీలాలు రెండూ బయటపడతాయి.

20 మీటర్ల దూరంలో నిలబడండి. 200 ఎంఎం లెన్సుతో ఎఫ్/5.6 దగ్గర ఆ దూరంలో షార్ప్‌గా వచ్చే లోతు రెండు మీటర్ల పైనే ఉంటుంది, చిన్న సెన్సర్ కెమెరాలో ఫ్రేము వెడల్పూ దాదాపు అంతే. అంటే పిట్ట ఫ్రేములో ఉన్నంతసేపూ మీకు ఫోకస్ బెంగ పెద్దగా లేదు. దూరం చూసుకోవడానికి లెన్సు మీది అంకెలను నమ్మకండి, చవక అడాప్టర్లతో అవి తప్పు చూపిస్తాయి. తీగ మీద కూర్చున్న పిట్టకే ఫోకస్ చేసి రింగు వదిలేయండి. ఎండ ఎక్కాక ఐఎస్ఓ 400కే 1/2000 షట్టర్ వస్తుంది.

ఎక్కడ నిలబడాలన్నది గాలి చెబుతుంది. పిట్టలు మామూలుగా గాలికి ఎదురుగా లేస్తాయి. గాలి మీకు ఎడమ నుంచి కుడికో కుడి నుంచి ఎడమకో వీచే చోట నిలబడితే పిట్ట మీకు అడ్డంగా ఎగురుతుంది, ఫోకస్ లోతులోంచి బయటికి పోదు. మెడ సాచి ముందుకు వంగిందంటే లేవబోతోందన్నమాట. అప్పుడే నొక్కడం మొదలుపెట్టండి, రెక్క తెరిచాక నొక్కితే ఆలస్యమైపోతుంది.